ఆదోని, ఎమ్మిగనూరు ఫైర్ స్టేషన్లు కలిపేస్తే ఏమవుతుంది?

పత్తిఊరోడు:
మా బావ అమెరికాలో ఉంటాడు. వాళ్ల ఊరు, పక్క ఊరు కలిసి ఫైర్ డిపార్ట్‌మెంట్లు ఒకటి చేసుకోవాలా వద్దా అని అక్కడ పెద్ద గొడవట. ఒకే చీఫ్, ఒకే కంట్రోల్ రూమ్, బండ్లన్నీ ఉమ్మడి. అది వింటుంటే మన సంగతి గుర్తొచ్చింది. ఆదోనికి, ఎమ్మిగనూరుకు మధ్య సుమారు 30 కిలోమీటర్లు. రెండు స్టేషన్లూ కలిపేసి దారి మధ్యలో ఒక పెద్దది కడితే బండ్లన్నీ ఒకచోట ఉంటాయి, పత్తిలోంచి గింజలు తీసే జిన్నింగ్ మిల్లు అంటుకున్నా తట్టుకోవచ్చు కదా? తిట్టకుండా చెప్పండి.

కోటకింద:
తిట్టను, లెక్క చెప్తా. మధ్యలో అంటే ఇటు 15, అటు 15. నిండు ట్యాంకుతో ఫైరింజన్ మన రోడ్డు మీద గంటకు 50 పోతే గొప్ప. అంటే 18 నిమిషాలు. పట్నంలో ఐదు నుంచి ఏడు నిమిషాల్లో, పల్లెకు ఇరవై నిమిషాల్లో చేరాలని కేంద్రం వేసిన సలహా మండలి ఎప్పుడో చెప్పింది. నువ్వు ఒక్క దెబ్బకు రెండు పట్నాలనూ పల్లెల్లో కలిపేశావు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున చిన్నటేకూరు దగ్గర బస్సు తగలబడింది గుర్తుందా? 19 మంది ప్రయాణికులు పోయారు. కర్నూలు అంత దగ్గరుండీ అలా జరిగింది. మంట మన కోసం కాచుకోదు అన్నా.

జిన్నుమిల్లు_గుమాస్తా:
కోటకింద చెప్పింది ఇంటి మంటకు సరే. పత్తి మంట వేరు. నేను పదకొండేళ్లు ఒక మిల్లులో లెక్కలు రాశాను. ఒకసారి పత్తిలో కలిసొచ్చిన ఇనుప ముక్క మిషన్లో పడి నిప్పు రవ్వ లేచింది. పది నిమిషాల్లో కుప్పంతా పొగ. ఫైరింజన్ తొందరగానే వచ్చింది, అబద్ధం చెప్పను. కానీ ట్యాంకులో 4,500 లీటర్లు. పంపు నిమిషానికి 1,800 కొడుతుందని డ్రైవరే చెప్పాడు. రెండున్నర నిమిషాల్లో ఖాళీ! మా సంపులో నీళ్లుంటే మళ్లీ నింపుకున్నారు. పైన పత్తి తడిసి నల్లటి అట్టలా అయింది, నీళ్లు లోపలికి దిగవు. ఆరిపోయిందనుకుని హమాలీలు గడ్డపారతో పెళ్లగిస్తే లోపల ఎర్రగా నిప్పు. రాత్రంతా ఒక్కో పొరా లాగడం, తడపడం.

అర్ధరాత్రి పన్నెండున్నరకు వాళ్లకు ఇంకో ఫోన్, ఒక పల్లెలో గడ్డివాములు అంటుకున్నాయని. లీడింగ్ ఫైర్‌మన్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మా కుప్పను చూస్తూ నిలబడిపోయాడు. ఆయన ముఖం ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. ఇది వదిలి పోతే మళ్లీ రాజుకుంటుంది, పోకపోతే అక్కడ ఎనుములకు మేత లేదు. పక్క ఊరి బండిని అడగాలంటే పైనుంచి మాట రావాలన్నారు. అది వచ్చేసరికి తెల్లారింది. అందుకే నేను కలపడానికే ఓటు వేస్తా.

నీళ్లట్యాంకు:
ఒక్క నిమిషం. మా నాయన ఆ డిపార్ట్‌మెంట్లోనే రిటైర్ అయ్యాడు. అసలు కలపడానికి ఇక్కడ రెండు శాఖలు లేవు స్వామీ! అమెరికాలో చాలా చోట్ల ఏ ఊరి ఫైర్ ఆ ఊరిది, జీతాలూ ఆ ఊరి పన్నుల్లోంచే. మన దగ్గర ఆదోనిదైనా ఎమ్మిగనూరుదైనా రాష్ట్ర ప్రభుత్వ శాఖే. మున్సిపాలిటీకి సంబంధం లేదు. జిల్లా ఫైర్ ఆఫీసర్ ఒక్కరే, 101 అందరికీ ఒక్కటే. గుమాస్తా గారి ఆ రాత్రి కథ జరిగింది అన్నీ కలిసి ఉన్న శాఖలోనే. మరి కలపడం వల్ల ఏం ఒరిగింది?

పత్తిఊరోడు:
ఇది నిజంగా తెలీదు. ఇన్నాళ్లూ మున్సిపాలిటీదే అనుకున్నా.

అనంత_ఎండ:
అనుకోవడంలో తప్పు లేదు. రాజ్యాంగం 12వ షెడ్యూల్‌లో మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ పనుల్లో ఫైర్ సర్వీసు కూడా ఉంది. ముంబైలో కార్పొరేషన్‌దే. నన్నడిగితే మన దగ్గర కూడా మున్సిపాలిటీకే ఇవ్వాలి. బండి పాడైతే మన కౌన్సిలర్ చొక్కా పట్టుకోవచ్చు.

నీళ్లట్యాంకు:
కుళాయి నీళ్లకు ఎన్ని చొక్కాలు పట్టుకున్నాం, వచ్చాయా? స్కాట్లాండ్‌లో 2013లో ఎనిమిది ఫైర్ సర్వీసులను ఒకటి చేశారు. ఎనిమిది కంట్రోల్ రూములు మూడయ్యాయి. చూడండి, అక్కడ తగ్గించింది ఫోన్ ఎత్తే చోట్లను. స్టేషన్‌ను ఊరి బయటికి తోలుకుపోవడం, కంట్రోల్ రూమ్ కలపడం రెండూ ఒకటి కావు.

కోటకింద:
ఇంకో మాట. మా పాత ఊరి సందుల్లో ఒకసారి దుకాణం అంటుకుంటే సాయానికి బయటి బండి వచ్చింది. డ్రైవర్‌కు దారి తెలీదు. మలుపులో కరెంటు తీగలు కిందికి వేలాడుతున్నాయి, బండి ఇరుక్కుంది. చివరికి టీ కొట్టు పిల్లోడు సైకిల్ మీద ముందు పోతుంటే వెనకాల రివర్స్‌లో పోయింది. మన స్టేషన్ వాళ్లయితే ఆ సందులోకే రారు, వెనక వీధి నుంచి పైపు లాగుతారు. ఆ తెలివిని ఏ ఆర్డర్‌తో కలుపుతారు?

జిన్నుమిల్లు_గుమాస్తా:
ఒప్పుకుంటా. స్టేషన్లు ఎక్కడివక్కడే ఉండనీ. నేనడిగేది ఒక్కటే: మిల్లు, గోడౌన్, పెట్రోల్ బంకు అని ఫోన్ వస్తే ఎవరి అనుమతీ లేకుండా రెండు ఊళ్ల బండ్లూ ఒకేసారి కదలాలి. మొదటి బండి చాలు అనుకుంటే రెండోది దారిలోంచి వెనక్కి పోతుంది, పోయేది డీజిలే. ఏప్రిల్ 14న అగ్నిమాపక వారోత్సవాలు ఎందుకు మొదలవుతాయో తెలుసు కదా? 1944లో ఆ రోజు బొంబాయి రేవులో పేలిన ఓడలో ముందు అంటుకున్నది పత్తి బేళ్లే. పక్కనే పేలుడు సామాను. ఆర్పడానికి పోయిన ఫైర్ వాళ్లే ఎంతోమంది పోయారు. పత్తి ఊళ్లో ఉండి మనం దీన్ని మరిచిపోతే ఎట్లా?

అనంత_ఎండ:
రెండూ ఆదోనికే వస్తే అప్పుడు ఎమ్మిగనూరులో ఇల్లు అంటుకుంటే?

జిన్నుమిల్లు_గుమాస్తా:
అది నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు. కర్నూలు నుంచో ఇంకో చోటి నుంచో ఒక బండి ఎమ్మిగనూరుకు జరగాలి. అలా జరిపే పని చూసుకోవడానికే కంట్రోల్ రూమ్.

పత్తిఊరోడు:
సరే, మధ్యలో స్టేషన్ మాట వెనక్కి తీసుకుంటున్నా. సోమవారం గ్రీవెన్స్‌లో సబ్ కలెక్టర్ ఆఫీసులో అర్జీ ఇస్తా. రెండే అడుగుతా: మిల్లు మంటకు రెండు బండ్లు, ఊళ్లో ఫైరింజన్ నీళ్లు నింపుకునే చోట్ల జాబితా. గుమాస్తా అన్నా, మీ మిల్లు సంపు ఎన్ని లీటర్లది?

జిన్నుమిల్లు_గుమాస్తా:
నలభై వేలు. ఎండాకాలంలో సగం కూడా ఉండదు, అది కూడా రాయి.