క్లెయోస్‌కి ‘కీర్తి’ చాలుతుందా?

ప్రశ్న: పెద్దలకు నమస్కారం. గ్రీకు కవి హోమర్ రాసిన ట్రాయ్ యుద్ధ కావ్యం ఇలియడ్ తొమ్మిదో సర్గలో, గ్రీకు వీరుడు అకిలీస్ మాటల్ని సరదాకి తెలుగులో రాసుకుంటున్నాను. అక్కడ ‘క్లెయోస్ అఫ్థితోన్’ అని వస్తుంది. నేను ‘అక్షయ కీర్తి’ అని పెట్టాను. మా అమ్మాయి చదివి, “సన్మానపత్రంలా ఉంది నాన్నా” అంది. అప్పట్నుంచి నాకూ అలాగే కనబడుతోంది. ఇంకేదైనా మాట ఉందా?

జవాబు: మీ అమ్మాయి చెవి మంచిదండీ. తమాషా ఏమిటంటే, పుట్టుక చూస్తే మీ ‘అక్షయ’ అచ్చంగా సరైన మాట. గ్రీకు ‘అఫ్థితోన్’లోని ‘ఫ్థి’, మన ‘క్షయం’లోని ‘క్షి’ ఒకే ధాతువు. క్లెయోస్‌కీ సంస్కృతంలో తోబుట్టువు ఉంది, కానీ అది కీర్తి కాదు, శ్రవస్సు. గ్రీకులో ‘క’ పలికేచోట సంస్కృతంలో తరచూ ‘శ’ ఉంటుంది. వాళ్ల ‘దెక’ మన ‘దశ’, వాళ్ల ‘హెకటోన్’ మన ‘శతం’. వినడం అనే అర్థమున్న వాళ్ల ‘క్లు’, మన ‘శ్రు’ కూడా అంతే. ఋగ్వేదం మొదటి మండలం తొమ్మిదో సూక్తంలో ఇంద్రుణ్ణి అడిగే వాటిలో ‘శ్రవః’ ఉంది, దానికి విశేషణంగా ‘అక్షితం’ ఉంది. ఈ రెండు జంటల్నీ పక్కపక్కన పెట్టి చూపించినవాడు జర్మన్ పండితుడు అడాల్బెర్ట్ కూన్, 1853లో. హోమర్‌కీ వేదకవులకీ చాలా ముందే ఎవరో ఈ మాటల జంటను పాడుకుని ఉంటారన్న ఊహ అక్కణ్ణుంచే బలపడింది.

శ్రవస్సు తెలుగులో విడిగా వాడం గానీ పేర్లలో దాక్కుని ఉంది. భారతంలో భూరిశ్రవుడు అంటే బోలెడు పేరున్నవాడు. గ్రీకులదీ ఇదే అలవాటు. పెరిక్లీస్, థెమిస్టోక్లీస్, హెరాక్లీస్... ఆ చివరి ‘క్లీస్’ ఇదే. పాట్రోక్లోస్ అంటే ‘తండ్రి పేరు’. అదే పేరును తిరగేస్తే క్లియోపాత్ర! ఈజిప్టు రాణి గురించి కాదు చెబుతున్నది. ఈ తొమ్మిదో సర్గలోనే మెలియాగర్ అనే వీరుడి కథ వస్తుంది, అతని భార్య పేరు క్లియోపాత్ర.

ఇక అసలు చిక్కు. కీర్తి నోటితో ముడిపడ్డ మాట. కీర్తించడం, కీర్తన అంటాం కదా. క్లెయోస్ చెవి వైపు నుంచి పుట్టింది. రెండో సర్గలో, ఓడల పట్టిక మొదలుపెట్టే ముందు, కవి మ్యూజ్‌లనే పాటల దేవతల్ని పిలిచి ఏమంటాడో చూడండి. మీరు దేవతలు, అన్నిచోట్లా ఉంటారు, మీకు అన్నీ తెలుసు. మేం వినేది క్లెయోస్ మాత్రమే, మాకు తెలిసింది ఏమీ లేదు. ఇక్కడ ‘కీర్తి’ వేస్తే వాక్యం కూలిపోతుంది. ఇది ఉత్త వినికిడి. “ఆ పొలం అమ్మేశారని వినికిడి” అంటామే, ఆ వినికిడి. వీరుడు ప్రాణం పెట్టి కొనుక్కునేదానికీ, ఊళ్లో తిరిగే కబురుకీ గ్రీకులో ఒకటే మాట. కవే ఒప్పుకుంటున్నాడు కాబట్టి మనం కప్పిపెట్టకూడదు.

మీరు రాస్తున్న ఘట్టంలో ఆ వాక్యానికి ముందు ఏం జరిగిందో ఒకసారి వెనక్కి వెళ్లి చదవండి. గ్రీకుల నాయకుడు అగమెమ్నాన్ తనకు దక్కిన బందీ బ్రిసేయిస్‌ని లాక్కున్నాడని అకిలీస్ అలిగి యుద్ధం మానేశాడు. బతిమాలడానికి ఒడిస్సియస్, అయాస్, ముసలి ఫీనిక్స్ రాయబారం వచ్చారు. వచ్చేసరికి అతను లైర్ వాయిస్తూ పాడుకుంటున్నాడు. వెండి కమ్మీ ఉన్న వాద్యం అది, ఒక ఊరు కొల్లగొట్టి తెచ్చుకున్నది. పాడుతున్నవి ‘క్లెయా ఆండ్రోన్’, మగవాళ్ల పేరుప్రతిష్ఠల పాటలు. ఎదురుగా అతని ప్రాణస్నేహితుడు పాట్రోక్లోస్ ఒక్కడే, నోరెత్తకుండా, పాట ఎప్పుడు ఆపుతాడా అని కూర్చున్నాడు. కత్తి పక్కన పడేసినవాడు వీరుల పాటలు పాడుకుంటుంటే, వినడానికి ఉన్న ఒకే ఒక్కడి పేరులో కూడా క్లెయోస్ ఉంది. నాకైతే ఇలియడ్ మొత్తంలో ఇంతకన్నా నిశ్శబ్దమైన చోటు గుర్తురావడం లేదు.

ఆ తర్వాతే మీ వాక్యం. వాడుక తెలుగులో నేనైతే ఇలా పెడతాను: “ఇక్కడే ఉండి ట్రాయ్ చుట్టూ కొట్లాడితే ఇక నేను ఇల్లు చేరేది లేదు, నా పేరు మాత్రం ఎప్పటికీ మాసిపోదు. ఇంటికి పోతే ఆ పేరు పోతుంది, బతుకు మాత్రం చాలాకాలం సాగుతుంది.” వాళ్లమ్మ థెటిస్ చెప్పిన రెండు దారులు ఇవి. హోమర్ రెండు కావ్యాల్లో ‘క్లెయోస్ అఫ్థితోన్’ వచ్చేది ఈ ఒక్కచోటే. అదీ ‘నాకొద్దు, రేపే ఓడలెక్కుతా’ అంటున్నవాడి నోట. వెళ్లాలనుకునే ఊరి పేరు ఫ్థియా! చదివేటప్పుడు పైకి చదవండి, ‘అఫ్థితోన్’, ‘ఫ్థియా’ రెండూ చెవిలో ఒకదాన్నొకటి రాసుకుంటాయి. దీన్ని తెలుగులోకి తేవడం నా వల్ల కాలేదు.

మరొక సభ్యుడు: మీరు చెప్పింది బాగుంది గానీ, ‘పేరు’ మరీ చిన్నదైపోలేదా మాస్టారూ? పేరుమోసిన దొంగ అని కూడా అంటాం కదా. ‘వినుతి’ అంటే ఎలా ఉంటుంది? అందులో వినడం కూడా ఉంది.

జవాబు: వినుతిలో వినడం లేదండీ, చెవి మోసం చేసింది. అది వి, నుతి. నుతి అంటే స్తోత్రం. మన ‘వినుట’కీ దానికీ చుట్టరికం లేదు.

‘పేరు’ చిన్నదంటే ఒప్పుకోను. పోతన బలిచక్రవర్తి శుక్రాచార్యుడికి జవాబిస్తూ, గర్వంతో విర్రవీగిన రాజుల గురించి “భూమిపై బేరైనం గలదే” అని అడుగుతాడు. ఆ ‘బేరు’ మన పేరే. అదే పద్యంలో శిబి మొదలైనవాళ్లను ‘యశఃకాములై’ అన్నాడు కూడా. రెండు మాటలూ చేతిలో ఉన్న కవి, గుండెకు తగలాల్సినచోట వాడింది పేరు. బలిది ఇచ్చి నిలుపుకున్న పేరు, అకిలీస్‌ది చంపి, చచ్చి నిలుపుకునే పేరు. అది వేరే చర్చ.

పేరుమోసిన దొంగ సంగతి మంచి పాయింట్. అయితే అది ఇక్కడ లోపం కాదు, లాభం. ఏడో సర్గలో ట్రాయ్ వీరుడు హెక్టర్ సవాలు విసురుతూ ఏమన్నాడు? రేపెప్పుడో ఓడలో పోయేవాడు సముద్రం ఒడ్డున ఒక సమాధి దిబ్బను చూసి, ‘ఇది హెక్టర్ చంపిన ఫలానావాడిది’ అంటాడట. అలా తన క్లెయోస్ చావదట. మన వీరగల్లు మీద పడిపోయినవాడి గొప్ప ఉంటుంది. ఇక్కడ దిబ్బ ఒకడిది, పేరు ఇంకొకడిది. దీనికి ‘కీర్తి’ కన్నా ‘పేరు’ నప్పదూ?

ఇంకొక సభ్యురాలు: చచ్చాక అకిలీసే ఆ పేరు దండగ అన్నాడని చదివాను. మరి ఇంత చర్చ ఎందుకండీ?

జవాబు: నిజమేనమ్మా, దాదాపు అలాగే అన్నాడు. హోమర్ రెండో కావ్యం ఒడిస్సీ పదకొండో సర్గలో ప్రేతలోకంలో ఒడిస్సియస్ ఎదురై ‘నువ్వు ఇక్కడా రాజువే’ అని ఓదార్చబోతే, చచ్చినవాళ్లందరినీ ఏలడం కన్నా, సొంత భూమి చెక్క కూడా లేని పేదవాడి దగ్గర పాలేరుగా బతకడం మేలంటాడు. చాలామంది అక్కడే పుస్తకం మూసేస్తారు. ఇంకో యాభై పంక్తులు చదవండి. ‘నా కొడుకు కబురేమైనా తెలుసా?’ అని అడుగుతాడు. కొడుకు నియోప్టాలెమోస్ ట్రాయ్‌లో ఎలా పోరాడాడో, గ్రీకులు దాక్కున్న కొయ్యగుర్రంలో మిగతావాళ్లు కళ్లు తుడుచుకుంటూ వణుకుతుంటే తాను మాత్రం ముఖం పాలిపోకుండా ఎలా కూర్చున్నాడో ఒడిస్సియస్ చెబుతాడు. అకిలీస్ ఆ కబురు విని, మారు మాట్లాడకుండా, ఆస్ఫొడెల్ పూల మైదానం మీదుగా పెద్ద పెద్ద అంగలేసుకుంటూ సంతోషంగా వెళ్లిపోతాడు.