వాల్వ్ కేసుల్లో ఫోన్ యాప్ మాట ఎంతవరకు వినాలి?

పాతస్టెత్
ముప్పై ఏళ్లుగా గుండె చప్పుళ్లు వింటున్నవాణ్ణి. ఇప్పుడు జూనియర్లు ఎకో రిపోర్టులోంచి నాలుగు అంకెలు ఫోన్‌లో కొడతారు, ఎర్రగా ‘సివియర్’ అని కనబడగానే సర్జన్‌ని పిలుస్తారు. మొన్నటి కేసు చెప్తాను. డెబ్బై దాటిన మనిషి, అయోర్టిక్ స్టెనోసిస్ (గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే వాల్వ్ ఇరుకైపోవడం), మెట్లెక్కితే ఆయాసం. ఎల్‌వీఓటీ (వాల్వ్‌కి ముందు రక్తం వెళ్లే దారి) వ్యాసం 1.9 సెం.మీ., అక్కడి వీటీఐ (ఒక్కో బీటుకి రక్తం సాగే దూరం, సెం.మీ.ల్లో) 20, వాల్వ్ దగ్గర 65. మీన్ గ్రేడియంట్ (వాల్వ్‌కి అటూ ఇటూ ఉండే సగటు ఒత్తిడి తేడా) 24. యాప్ వాల్వ్ ఏరియా 0.87 చ.సెం.మీ. అంది, ఒకటికి తక్కువ కాబట్టి సివియర్ అంది. నేను మళ్లీ కొలిపించాను. వ్యాసం 2.1 వచ్చింది, ఏరియా 1.07. అంటే మోడరేట్. రెండు మిల్లీమీటర్ల తేడాకి ఆపరేషన్ దాకా వెళ్లేవాడు పాపం. మనం తయారుచేస్తున్నది డాక్టర్లనా, గుమస్తాలనా?

నైట్‌డ్యూటీ
సార్, ఆ లెక్క మీరు కాగితం మీద వేసినా 0.87 వస్తుంది. 1.9ని వర్గం చేసి, 0.785తో హెచ్చించి, 20తో హెచ్చించి 65తో భాగించడమేగా. యాప్ కూడా అదే చేసింది. తప్పు కొలతది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది.

పాతస్టెత్
కాగితం మీద వేసేవాడికి వర్గం దగ్గర చెయ్యి ఆగుతుందమ్మా. ‘ఈ అంకె కొంచెం అటూ ఇటూ అయితే జవాబు బాగా కదులుతుంది’ అని అనుమానం వస్తుంది. ఫోన్‌లో ఆ అనుమానానికి చోటు లేదు. గడి నింపావా, రంగు వచ్చిందా, అంతే.

చదువరి_7
ఆ యాప్ ఏ ఏడాది గైడ్‌లైన్ మీద నడుస్తోందో ఇద్దరిలో ఒక్కరైనా చూశారా? అమెరికా వాళ్లది 2020, యూరప్ వాళ్లది 2021, మళ్లీ 2025. నా ఫోన్‌లో ఒకటి ఇంకా 2014 దగ్గరే ఉంది.

ఎకోరూమ్
ప్రోబ్ పట్టేవాణ్ణి, నన్ను కూడా కాస్త మాట్లాడనివ్వండి. ఆ 1.9, 2.1 రెండూ ఒకే రోజు నా చేతుల మీదుగానే వచ్చే అంకెలు. పేషెంట్ని ఎడమవైపుకి తిప్పి, పారాస్టెర్నల్ లాంగ్ యాక్సిస్‌లో (ఛాతీ ఎముక పక్క నుంచి గుండె పొడవునా చూసే కోణంలో) జూమ్ చేసి, గుండె ముడుచుకున్న మధ్యలో ఫ్రేమ్ ఆపి, లోపలి అంచు నుంచి లోపలి అంచుకి గీత గీయాలి. ఆయాసపడే మనిషి ఊపిరి బిగబట్టలేడు. అంచు మీద కాల్షియం గడ్డ మెరుస్తుంటుంది. దాన్ని కలుపుకుంటే ఒక అంకె, వదిలేస్తే ఇంకో అంకె. పైగా ఆ దారి గుండ్రంగా కాక కోడిగుడ్డులా ఉంటుంది, లెక్కలో మాత్రం గుండ్రమే అనుకుంటాం.

ఇంకో మాట. 20ని 65తో భాగిస్తే 0.31. ఈ నిష్పత్తిలో వ్యాసం ఊసే లేదు. సివియర్ అనడానికి 0.25 లోపు ఉండాలంటారు. దీన్ని మీరిద్దరూ ఎందుకు ఎత్తలేదు?

నైట్‌డ్యూటీ
ఎత్తేదాన్నే, కానీ ఆ నిష్పత్తితోనే తేలిపోదు. ఆయన బాడీ సర్ఫేస్ ఏరియా 1.7 చదరపు మీటర్లు అనుకుందాం. వ్యాసం 1.9 అయితే ఒక్కో బీటుకి బయటికొచ్చే రక్తం 57 మి.లీ., అంటే చదరపు మీటరుకి 33. 35 లోపైతే లో ఫ్లో, అంటే రక్తం తక్కువగా వెళ్తున్నట్టు. వ్యాసం 2.1 అయితే 69 మి.లీ., అంటే 41, నార్మల్ ఫ్లో. సార్ చెప్పిన రెండు మిల్లీమీటర్లూ ఏరియాని మార్చడమే కాదు, జబ్బు పేరునే మార్చేస్తున్నాయి. ఒకవైపు ‘లో ఫ్లో, లో గ్రేడియంట్, సివియర్’, ఇంకోవైపు ‘మోడరేట్, ఆర్నెల్ల తర్వాత రండి’. నా ఫోన్‌లోని యాప్ ఇది గుర్తుపట్టి ‘ఫ్లో తక్కువ, కొలతలు మళ్లీ చూడండి’ అని పసుపు రంగులో చూపిస్తుంది. చాలామంది సీనియర్లు గ్రేడియంట్ సివియర్ గీత 40 దాటలేదుగా అని అక్కడే ఫైలు మూసేస్తారు.

పాతస్టెత్
‘చాలామంది సీనియర్లు’ అంటే ఎవరు?

థియేటర్3
సర్జన్‌ని. మీ గొడవతో సంబంధం లేకపోయినా ఒకటి చెప్తా. వినాయక్ బాపట్ గారి ‘వాల్వ్ ఇన్ వాల్వ్’ యాప్ లేకుండా పాత టిష్యూ వాల్వ్‌లో (జంతు కణజాలంతో చేసినదాంట్లో) కొత్తది పెట్టే కేసుకి నేను వెళ్లను. డబ్బా మీద 23 అని ఉన్నంత మాత్రాన లోపల 23 ఉండదు. స్టెంట్ లోపలివైపు పంది కవాటపు రేకులు కుట్టి ఉంటే సుమారు 2 మి.మీ. పోతుంది, పెరికార్డియం (గుండె చుట్టూ ఉండే పొర) రేకులైతే 1 మి.మీ. ఏ కంపెనీది ఎంత, ఫ్లోరోస్కోపీలో (కదిలే ఎక్స్‌రేలో) ఎలా కనిపిస్తుంది, ఇవన్నీ ఎవరి బుర్రలో ఉంటాయి?

పాతస్టెత్
అది పట్టిక. పట్టికతో నాకు పేచీ లేదు. తీర్పు చెప్పే యాప్‌తోనే పేచీ.

ఐఎన్ఆర్_ఇంటివాళ్లు
నేను డాక్టర్ని కాను. మా అమ్మకి మైట్రల్ దగ్గర మెకానికల్ వాల్వ్ ఉంది, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకుంటుంది. ఒకసారి జ్వరంతో చేరితే, డ్యూటీ డాక్టర్ ఫోన్‌లో ఏదో చూసి, గుండె లయ తప్పినవాళ్లకి కొత్త మాత్రలు మంచివి, మాటిమాటికీ రక్తపరీక్ష అక్కర్లేదు, వార్ఫరిన్ ఆపేద్దాం అన్నాడు. ఆ యాప్ వయసు అడిగింది, బీపీ అడిగింది, షుగర్ అడిగింది. మెకానికల్ వాల్వ్ ఉందా అని మాత్రం అడగలేదు. నేను అమ్మ వాల్వ్ కార్డు తీసి చేతిలో పెట్టాకగానీ ఆగలేదు.

నైట్‌డ్యూటీ
అమ్మా, మీరు కార్డు చూపించడం చాలా మంచిపని అయింది. ఆ కొత్త మాత్రల్లో ఒకటైన డాబిగాట్రాన్‌ని మెకానికల్ వాల్వ్‌ల వాళ్ల మీద పరీక్షించి, గడ్డలూ రక్తస్రావాలూ ఎక్కువవుతున్నాయని మధ్యలోనే ఆపేశారు. ఆ ఫలితాలు 2013లోనే అచ్చయ్యాయి. కాకపోతే ఆయన తెరిచింది వాల్వ్‌ల యాప్ అయ్యుండదు, లయ తప్పినవాళ్లకి స్ట్రోక్ ముప్పు లెక్కగట్టే యాప్ అయ్యుంటుంది.

ఐఎన్ఆర్_ఇంటివాళ్లు
ఏ యాప్ అయితే మాకేం అండి. మంచం పక్కన నిలబడ్డవాళ్లకి రెండూ ఒక్కటే.

పాతస్టెత్
చూశారా! ఇదే నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది.

నైట్‌డ్యూటీ
లేదు సార్, మీరు మొత్తుకుంటున్నది ఇది కాదు. నా కథ కూడా వినండి. ఒకావిడ గ్రేడియంట్ 32. రెండేళ్లపాటు ‘మోడరేటే, కంగారేం లేదు’ అని రాసి పంపారు. ఒక రాత్రి రెండింటికి ఊపిరితిత్తుల నిండా నీళ్లతో నా దగ్గరికొచ్చింది. పాత రిపోర్టులన్నీ ముందేసుకుని లెక్క వేస్తే ఏరియా మొదటి రిపోర్టులోనే 0.8. ఎవరూ వెయ్యలేదు. ఆ ఫైలు చూసింది ఫోన్ ముట్టని పెద్దాయన. పొద్దున రౌండ్స్‌లో ఆ మాటంటే, తాతకు దగ్గులు నేర్పుతున్నావా అన్నారు.

పాతస్టెత్
నాకు జరిగింది కూడా చెప్తాను అయితే. ఆ 0.87 కేసులో మా కుర్రాడు ఫోన్ నాకు చూపించలేదు. నేను పేషెంట్‌తో మాట్లాడుతుంటే, ఆయన మంచం మీదికి చాచి ఆయనకే చూపించాడు. ‘సార్ మోడరేట్ అంటున్నారు, ఇదేమో సివియర్ అంటోంది’ అని. ఆ మనిషి నా మొహం చూశాడు, ఫోన్ చూశాడు, మళ్లీ నా మొహం చూశాడు. ఆ తర్వాత నేనేం చెప్పినా ఆయన చెవికెక్కలేదు. రిపోర్టు కింద సంతకం నాది. రేపేదన్నా అయితే ఫోన్‌ని ఎవరూ పిలవరు.

నైట్‌డ్యూటీ
పేషెంట్ ముందు అలా చెయ్యడం తప్పే. నేనైతే బయటికి పిలిచి చెప్పేదాన్ని. కానీ ఆ కుర్రాడు అంతకుముందు మీతో నోటిమాటగా చెప్పాడా, లేదా?

చదువరి_7
😶

పాతస్టెత్
చెప్పాడు. రెండుసార్లు.

నైట్‌డ్యూటీ
మా మాట చెవికెక్కదు కాబట్టే ఫోన్ చూపిస్తాం సార్. మేం అంటే పొగరు, ఫోన్ అంటే గైడ్‌లైన్.

మోడరేటర్
వ్యక్తిగతంగా వెళ్లొద్దు. కేసు సంగతికి రండి.

ఎకోరూమ్
కేసు సంగతే అడుగుతున్నా. సార్, ఆ మొదటి 1.9 ఫ్రేమ్ మీరు స్వయంగా చూశారా? లేక మళ్లీ కొలవమని చెప్పి, వచ్చిన 2.1ని తీసుకున్నారా? ‘సార్ మోడరేట్ అంటున్నారు’ అని గదిలోకొచ్చేముందే తెలిస్తే నా గీత కూడా ఒక మిల్లీమీటరు జరుగుతుంది. నిజం చెప్తున్నా, జరుగుతుంది.

పాతస్టెత్
ఫ్రేమ్ చూడలేదు. అంకె చూశాను.

వ్యాసంతో పనిలేని పరీక్ష ఒకటుందిగా, నిన్న సీటీ తీయించాను. వాల్వ్ మీది కాల్షియం స్కోరు 1740.

నైట్‌డ్యూటీ
మగవాళ్లకి 2000 దాటితే సివియర్ అయ్యుండొచ్చంటారు, 1600 లోపైతే కాకపోవచ్చంటారు. సరిగ్గా మధ్యలో కూర్చుంది. యాప్ ఏమంటోంది?

పాతస్టెత్
బూడిద రంగు చూపిస్తోందట. మా కుర్రాడు చెప్పాడు. సోమవారం వాణ్ణి పక్కన కూచోబెట్టుకుని, పాత కొలతలేవీ చెప్పకుండా మళ్లీ ఎకో తీయిస్తాను. ఈసారి ఫ్రేములన్నీ నేనే చూస్తా. ఫోన్ మాత్రం గది బయట.

నైట్‌డ్యూటీ
లెక్క ఎవరు వేస్తారు సార్?

పాతస్టెత్
వాడే. కాగితం మీద.