రొట్టె రెండోసారి ఇప్పించి తీస్తే అది ఫోటోనా, నాటకమా?

పెన్నా గట్టు (నెల్లూరు):
అందరికీ నమస్కారం. మొన్న రొట్టెల పండుగకి కెమెరా తీసుకుని స్వర్ణాల చెరువుకి వెళ్లాను. తెలియనివాళ్ల కోసం ఒక మాట: ఇది మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా పక్కనున్న చెరువులో జరుగుతుంది. కోరిక ఉన్నవాళ్లు నీళ్లలో దిగి రొట్టె తీసుకుంటారు. తీరినవాళ్లు తర్వాత ఏడాది వచ్చి, అదే కోరికతో ఉన్న ఇంకొకరికి రొట్టె ఇస్తారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఉద్యోగం రొట్టె, ఎవరి రొట్టె వాళ్లది.

ఒక పెద్దావిడ ఇంకొకామెకి రొట్టె ఇస్తూ కనపడింది. గబగబా నొక్కాను. ఫోకస్ వెళ్లి వెనకెవరి తలకాయ మీదో కూర్చుంది, ముందున్న ఇద్దరూ మసక. ఆగలేక "అమ్మా, ఇంకొక్కసారి ఇవ్వండి, కాస్త ఇటు తిరిగి" అని అడిగాను. నవ్వుతూ ఇచ్చారు. వెలుగు ముఖాల మీద పడి ఫోటో భలే వచ్చింది. మా ఫ్రెండ్‌కి చూపిస్తే "ఇది ఫోటో కాదురా, నాటకం" అన్నాడు. రెండు రోజులుగా అదే బుర్రలో తిరుగుతోంది. ఫోటో అంటే దొరికింది పట్టుకోవడమా, కావలసింది తయారు చేసుకోవడమా? ఒక పోటీకి పంపాలి, ఆదివారం ఆఖరు.

స్టూడియో బాబాయ్ (కావలి):
ఇందులో టెన్షన్ పడేదేముంది? ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను. మూడో ముడి దగ్గర పెళ్లికొడుకుని ఆపి "బాబూ, తల కొంచెం పైకి" అన్నాను. జనం అడ్డొస్తే తలంబ్రాలు మళ్ళీ పోయించాను. పంతులుగారు కసిరారు, అయినా పోయించాను. ఆ ఆల్బమ్ చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లు ఒక్కరు కూడా "ఇది రెండోసారి పోసింది కదా" అనలేదు. వాళ్లకి కావలసింది ఆ రోజు గుర్తు. కోర్టులో సాక్ష్యమా ఏంటి?

ఇంకో సంగతి. ఇప్పుడు అందరూ కాండిడ్, అంటే పోజు లేకుండా తీసినట్టుండే ఫోటోలు, కావాలంటున్నారు. దానికి రేటు ఎక్కువ. ఆ రేటు తీసుకుని మేం చేసే పని, "కెమెరా వైపు చూడకుండా నవ్వండి" అని చెప్పడం.

పులికాట్ పిట్ట (సూళ్లూరుపేట):
హహ్హ. బాబాయ్, మా నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతుకి "ఇంకోసారి దిగవమ్మా" అని చెప్పి చూడండి. (నేలపట్టు 2022 నుంచి తిరుపతి జిల్లా లెక్కలోకి పోయింది గానీ మా నోటికింకా నెల్లూరే.)

నిజం చెప్పాలంటే నాకూ ఒక అనుమానం ఉంది. నా కెమెరా సెకనుకి ఇరవై ఫ్రేములు తీస్తుంది. పొద్దున్నే వెళ్లి నొక్కి పట్టుకుంటే ఇంటికొచ్చేసరికి పదిహేను వందలు. అందులోంచి రెండు ఏరుకుంటాను. ఆ రెండూ నేను తీసినవా, కెమెరా తీసినవా? తర్వాత ఏరుకోవడం కూడా పనే అని నాకు నేనే సర్ది చెప్పుకుంటుంటాను.

ఒంగోలు గిత్త (ఒంగోలు):
పత్రికలకి ఫోటోలు తీసి రిటైరైనవాణ్ణి. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక ఉంటే చదవండి.

మా కాలంలో ఫిల్మ్ రోల్‌కి 36 ఫోటోలు. రెండు రోల్స్ ఇచ్చేవారు, మూడోది అడిగితే సంజాయిషీ చెప్పుకోవాలి. ఆ 36తో బండలాగుడు పోటీలు తీయాలి. ఎడ్లు బండని కదిలించే మొదటి అడుగే కష్టం. మెడలు కిందికి దిగిపోతాయి, గిట్టలు నేలలోకి దిగబడతాయి, తోలేవాళ్లు గొంతు చించుకుంటారు. అదంతా రెండు మూడు సెకన్లు. ఆ తర్వాత బండ జారుతూ పోతుంది, ఫోటోలో చూడ్డానికి ఏమీ మిగలదు. మళ్ళీ చివర్లో బండని వెనక్కి తిప్పేటప్పుడు దుమ్ము లేస్తుంది.

కొత్తలో నాకిది తెలియదు. ఎడ్ల వెంట పరిగెత్తి రోలంతా తగలేసేవాణ్ణి. తర్వాత్తర్వాత ముందురోజు సాయంత్రమే వెళ్లి, ఎండ ఎటు నుంచి పడుతుందో చూసుకుని, దుమ్ముకి ఎదురువెలుగు వచ్చేచోట చతికిలబడి కూర్చునేవాణ్ణి. జోడీలు వస్తుంటాయి, పోతుంటాయి, నేను కదలను. మూడు జోడీలకి ఒక్క ఫ్రేమ్ కూడా తీయని రోజులున్నాయి. పక్కన కుర్రాళ్లు "ఈయన కెమెరా పాడైనట్టుంది" అనుకునేవాళ్లు.

తమ్ముడూ, ఉద్దేశం ఉండాల్సింది అక్కడ. నువ్వెక్కడ నిలబడాలి, ఎంతసేపు ఆగాలి, దేన్ని వదిలేయాలి అన్నదాంట్లో. ఎదుటివాళ్ల చేత చేయించడంలో కాదు. నేను "ఆ బండ ఇంకోసారి లాగించండి" అని ఉంటే, అది పేపర్లో వేస్తే, అబద్ధం అచ్చేసినట్టే. పెళ్లి ఆల్బమ్ సంగతి వేరు, బాబాయ్‌తో నాకు పేచీ లేదు.

మార్కాపురం పలక:
మాస్టారి మాట సగమే ఒప్పుకుంటాను. పారిస్‌లో టౌన్‌హాల్ ముందు జనం నడిచిపోతుంటే ఒక జంట ముద్దు పెట్టుకునే ఫోటో మీరు చూసే ఉంటారు. 1950లో లైఫ్ పత్రిక కోసం రొబేర్ ద్వానో తీశాడు. దారిన పోతూ పట్టుకున్నాడని లోకమంతా నమ్మి పోస్టర్లు గోడలకి అంటించుకుంది. నలభై ఏళ్ల తర్వాత కోర్టు గొడవ వచ్చినప్పుడు తేలిందేమిటంటే, వాళ్లిద్దరూ నటన నేర్చుకుంటున్న విద్యార్థులు, ఆయన అడిగితే అలా నిలబడ్డారు. అయితే ఆ ఫోటో ఒక్కసారిగా చెత్తయిపోయిందా?

ఇటు చూడండి. 1932లో కార్టియే బ్రెసాన్, అదే పారిస్‌లో సెంట్ లజార్ స్టేషన్ వెనక నీటిమడుగు మీద దూకుతున్న మనిషిని తీశాడు. సరైన క్షణాన్ని పట్టుకోవడం అంటే అందరూ చూపించే ఫోటో అదే. చెక్కల కంచె సందులోకి కెమెరా దూర్చాడు, వ్యూఫైండర్‌లో ఏమీ కనపడలేదు. పైగా ఫోటో కత్తిరిస్తే ఇష్టపడని మనిషి, దీన్ని మాత్రం ఒక పక్క కత్తిరించాడు. అదృష్టం కాక ఇంకేమిటి?

ఒంగోలు గిత్త:
అదృష్టమే అనుకుందాం సార్. ఆ సందులో కెమెరా పెట్టమని అదృష్టం చెప్పిందా?

మార్కాపురం పలక:
బాగుంది, ఒకటి మీకు. ఆన్సెల్ ఆడమ్స్ 1941లో అమెరికాలోని న్యూమెక్సికోలో పల్లెటూరి శ్మశానం శిలువల మీద చంద్రోదయం తీసినప్పుడూ అంతే. కారాపి పరిగెత్తాడు, వెలుగు కొలిచే మీటర్ చేతికి దొరకలేదు. చంద్రుడి వెలుగెంతో ముందే తెలుసు కాబట్టి మనసులోనే లెక్కేసి ఒక్కటి తీశాడు. రెండోది తీసేలోపు శిలువల మీద ఎండ పోయింది. దొరికిన క్షణమా, తయారైన క్షణమా అంటే నేను చెప్పలేను.

స్టూడియో బాబాయ్:
పారిస్, అమెరికా అయిపోయాయి. ఎవరైనా నెల్లూరికి రండయ్యా.

దర్గామిట్ట అమ్మాయి:
నేనొస్తాను. ఆ చెరువు పక్కనే పుట్టి పెరిగాను. ఇందాకటి నుంచి అందరూ ఫోటో గురించే మాట్లాడుతున్నారు, రొట్టె గురించి ఒక్కరూ అడగలేదు.

నా ఇంటర్ అప్పుడు మా అమ్మ చదువు రొట్టె తీసుకుంది. ఇచ్చినావిడ ఎవరో మాకు తెలియదు, కొడుకు ఇంజనీరయ్యాడట. రొట్టె అమ్మ చేతిలో పెట్టేటప్పుడు ఆమె కళ్లు మూసుకుంది. అమ్మ కొంగులో పట్టుకుంది. అంతే, అయిపోయింది. నాకు సీటొచ్చాక మరుసటి ఏడు మేమూ వెళ్లి ఇచ్చాం. అప్పుడు ఎవరైనా కెమెరా పట్టుకుని "ఒకసారి వెనక్కిచ్చి మళ్ళీ తీసుకోండి" అంటే మా అమ్మ ఏం చేసేదో తెలుసా? మొహమాటపడి ఇచ్చేసేది. నవ్వేది కూడా. ఇంటికొచ్చాక మాత్రం "ఇచ్చిన రొట్టె వెనక్కిచ్చానే, ఏమవుతుందో" అని ఏడాది పొడుగునా కుమిలిపోయేది.

మీకది పోజు, పెన్నా అన్నా. ఆమెకి మొక్కు. తలంబ్రాలు రెండుసార్లు పోస్తే సరదా, ఆ ఇంటివాళ్లు డబ్బులిచ్చి బాబాయ్‌ని పిలుచుకున్నారు. ఈవిడ మిమ్మల్ని పిలవలేదు.

మార్కాపురం పలక:
ఈ మాట ముందు నాకెందుకు తట్టలేదో. డొరోథియా లాంగ్ 1936లో వలస కూలీల శిబిరంలో తీసిన తల్లి ఫోటో ఉంది కదా, పిల్లలు చెరోపక్క ముఖం దాచుకుని ఉంటారు. ఆ తల్లి 1978లో బయటికొచ్చి, నన్ను ఫోటో తీయకుండా ఉంటే బాగుండేదన్నట్టు మాట్లాడింది. పాఠం చెప్పేటప్పుడు వెలుగు గురించి, చేతి వేళ్ల గురించి గంట మాట్లాడతాను. ఈ సంగతి చివర్లో టైముంటే చెబుతాను.

పెన్నా గట్టు:
చెల్లెమ్మా, మొదటి పోస్టులో ఒకటి రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. రెండోసారి ఇచ్చేముందు ఆ పెద్దావిడ "మళ్ళీ ఇస్తే మొక్కు చెల్లుతుందా బాబూ?" అని అడిగింది. నేను ఫోకస్ చూసుకుంటున్నాను. "ఆఁ, చెల్లుతుందమ్మా" అన్నాను. నాకేం తెలుసని అన్నానో.

స్టూడియో బాబాయ్:
ఊరుకోవయ్యా, దేవుడు అంత లెక్కలు చూస్తాడా. కిందొక మాట రాసి పంపు, "అడిగి తీసినది" అని. సరిపోతుంది.

ఒంగోలు గిత్త:
రాసి పంపితే అబద్ధం మాత్రం కాదు. ఆ అమ్మాయి అడిగినదానికి అది జవాబూ కాదు.

పెన్నా గట్టు:
పంపడం లేదు సార్. పోటీ వచ్చే ఏడాది కూడా ఉంటుంది. పొద్దున్నే వెళ్లి మీలాగా ఒకచోట కూర్చుంటాను. మోకాళ్ల లోతు నీళ్లలో చతికిలబడటం కుదరదనుకోండి.

పులికాట్ పిట్ట:
ఆ మసక ఫోటో ఉందా, తీసేశావా? ఉంటే పెట్టన్నా, చూద్దాం.

పెన్నా గట్టు:
పెట్టాను. ముఖాలు తెలియడం లేదు కాబట్టి ధైర్యం చేశాను. షట్టర్ 1/60 సెకనులో తీసింది. పరువు తీయకండి.

స్టూడియో బాబాయ్:
చేతులు కదిలాయి. కొంగు కదిలింది. నీళ్లు బాగున్నాయి. ఫోకస్ మాత్రం వెనక పిల్లాడి మీద సూది గుచ్చినట్టు పడిందయ్యా. పెద్ద చేసి చూశావా? వాడు రొట్టె తినేస్తున్నాడు.

పెన్నా గట్టు:
అయ్యో, ఇప్పుడే చూస్తున్నా బాబాయ్. సగం అయిపోయింది.

దర్గామిట్ట అమ్మాయి:
ఎవరి రొట్టో పాపం!