షిక్రా అనే చిన్న డేగ అనుకుని, హాక్ కుకూ అనే కోకిల జాతి పిట్టని లిస్టులో పెట్టేశా, పాత లిస్టులన్నీ ఇప్పుడు అనుమానమే

చెరువుగట్టు: అందరికీ నమస్తే. పక్షులు చూడటం మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది, ఆదివారం వస్తే అమీన్‌పూర్ చెరువుకి పోతుంటా. మొన్న గట్టు పక్కన వేపచెట్టు మీద ఒకటి కనపడింది, బూడిదరంగు వీపు, తోక మీద అడ్డచారలు, టపటపా రెక్కలు కొట్టి జారుకుంటూ పోయి ఇంకో కొమ్మ మీద వాలింది, ఇంకేముంది షిక్రా అని ఈబర్డ్‌లో (చూసిన పక్షుల లిస్టులు పెట్టే సైటు) ఎక్కించేశా. రాత్రి ఫొటో జూమ్ చేస్తే ముక్కు డేగలా కొక్కెం తిరిగి లేదు, కంటి చుట్టూ పసుపు రింగు. హాక్ కుకూ అది! చాలా బాధేసింది. ఫొటోలు లేని పాత లిస్టులు ఏం చేయాలి? మీరు ఇలాంటివి ఎలా సరిచేసుకున్నారు?

పొద్దున్నే_ఆరుకి: అది డేగలా కనపడుతుందనే దానికి ఆ పేరు బ్రదర్, చిన్న పిట్టలు కూడా దాన్ని చూసి గోల పెడతాయి. బాబ్లర్లు అనే వేరే పిట్టల గూళ్ళలో గుడ్లు పెట్టే జాతి అది. ఎండాకాలంలో గొంతు పెంచుకుంటూ పెంచుకుంటూ పోయి టక్కున ఆపేస్తుంది, ఆ కూత ఒకసారి పట్టుకుంటే మర్చిపోరు. లిస్టు ఎప్పుడైనా ఎడిట్ చేయొచ్చు, నమ్మకం లేనివి తీసేయండి. నేనైతే పేరు తర్వాత, ముందు ముక్కు, కన్ను, తోక ఎలా ఉన్నాయో నోట్‌బుక్‌లో రాస్తా, పేరు ముందు అనేసుకుంటే కళ్ళకి అదే కనపడుతుంది.

గుంటూరు_పిట్ట: పేరు తప్పైతే దిద్దుకోవచ్చండీ, నాది అలాంటిది కాదు. ఏప్రిల్‌లో బీడు పొలంలో తీతువు పిట్ట నెత్తిమీద తిరుగుతూ ఒకటే అరుపు, నేను ఫొటోల కోసం ఇరవై నిమిషాలు అక్కడే నిలబడ్డా. కాళ్ళ దగ్గర చూస్తే గులకరాళ్ళ మధ్య నాలుగు గుడ్లు, మట్టిరంగు మీద నల్ల మచ్చలు, ఎండలో మాడుతున్నాయి. నేను దూరం జరిగాక అది వచ్చి కూర్చుంది, పొట్ట ఈకలు తడిసి నీళ్ళు కారుతున్నాయి. గుడ్లు చల్లబరచడానికి అలా తడుపుకుని వస్తుందని తర్వాతే తెలిసింది. ఆ గుడ్లు పిల్లలయ్యాయో లేదో ఇప్పటికీ తెలీదు. ఇప్పుడు అది అరిచిందంటే కింద చూసుకుంటూ వచ్చిన దారినే వెనక్కి పోతా.

చెరువుగట్టు: థాంక్స్ అండీ ఇద్దరికీ. మూడు లిస్టులు మార్చేశా. ఆ తీతువు సంగతి చదివి ఆగిపోయా, గట్టు అవతల పోయిన వారం ఒకటి నన్ను వదలకుండా అరుస్తూనే ఉంది. ఈ ఆదివారం అటు వెళ్ళను.