ఫోన్‌లో గూగుల్‌లో వెతికితే పైన వచ్చే ఏఐ జవాబు రాకుండా చేయడం ఎలా?

మిర్చిలో నల్ల తామర పురుగుకి ఏ మందు, లీటరు నీళ్లకి ఎంత అని వెతికితే సగం స్క్రీన్ ఏఐ జవాబే, అదీ ప్రశ్న కాస్త మార్చి అడిగితే మోతాదు మారిపోతోంది. నాన్న దాన్నే చదివి మందుల షాపుకి బయల్దేరతారు, నాకేమో టెన్షన్. మాకు కావాల్సింది గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన కేంద్రం లాంటి వాళ్లు పెట్టిన అసలు పేజీలు.

ప్రశ్న చివర మైనస్ గుర్తు పెట్టి ఇంగ్లిష్‌లో ఏఐ అని కొట్టి చూశా, ఒకసారి పోతుంది, ఒకసారి పోదు. 'వెబ్' ట్యాబ్ నొక్కితే శుభ్రంగా లింకులే వస్తున్నాయి గానీ ప్రతిసారీ దాన్ని వెతికి పట్టుకోవడం నాన్న వల్ల కాదు. కంప్యూటర్‌లో క్రోమ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి సెర్చ్ అడ్రస్‌లో యూడీఎం=14 (udm=14, నేరుగా వెబ్ ట్యాబ్‌నే తెరిచే కోడ్) చేర్చి డిఫాల్ట్ చేశా, అక్కడ గొడవ లేదు. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో అలా చేర్చే చోటే కనబడలేదు.

బ్రౌజర్ మార్చకుండా ఫోన్‌లో వెబ్ ట్యాబే డిఫాల్ట్‌గా తెరుచుకునే దారి ఎవరికైనా తెలుసా?