లాడ్జి రూములో సౌండ్ మిక్సింగ్, ఏం సామాను పట్టుకెళ్లాలి?

కొత్తచెవి:
అరకులో డాక్యుమెంటరీ షూటింగ్, నెలరోజులు అక్కడే ఉండి డైలాగ్ ఎడిటింగ్, మిక్స్ కూడా చేసేయమంటున్నారు. లాప్‌టాప్, రీపర్ (సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్), చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (లాప్‌టాప్‌కి మైకు, హెడ్‌ఫోన్స్ కలిపే డబ్బా) ఉన్నాయి. స్పీకర్లు మొయ్యాలా, హెడ్‌ఫోన్స్ చాలా?

చెవులపిల్లి:
స్పీకర్లు వద్దు బ్రో, లాడ్జి గోడల మధ్య బాస్ అంతా గుయ్యిమంటుంది, ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్స్ (వెనక తెరిచుండేవి, బయటి శబ్దం లోపలికొస్తుంది) తీస్కెళ్లు, కాకపోతే ఫ్యాన్ ఆపాలి, పక్క రూములో టీవీ మోగుతుంటే మాత్రం వెనక మూసుండే క్లోజ్డ్‌వే గతి. ప్యానింగ్ (శబ్దం ఎడమా కుడా అన్నది), రివర్బ్ (గది ప్రతిధ్వని) హెడ్‌ఫోన్స్‌లో మోసం చేస్తాయి, ఇంటికొచ్చాక ఓసారి స్పీకర్ల మీద వినాల్సిందే.

గోదారిగట్టు:
హమ్ (గుర్రుమనే మోత) వస్తే చార్జర్ పీకి బ్యాటరీ మీద విను, ఆగిందంటే కరెంటు ఎర్తింగ్ గొడవే. నేనోసారి రాత్రంతా నాయిస్ రిడక్షన్ కొట్టా, తీరా చూస్తే ఆ గుర్రు రికార్డింగ్‌లో లేనేలేదు 😂

కొత్తచెవి:
థాంక్స్ అన్నా. యూట్యూబ్‌కి లెవెల్ ఎంత?

చెవులపిల్లి:
మైనస్ 14 లఫ్స్ (LUFS, మొత్తం సౌండ్ ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే లెక్క) దగ్గర పెట్టు. ప్రాజెక్టు ఆడియో సెట్టింగ్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. బ్యాకప్ డిస్కు వేరే బ్యాగులో పెట్టుకో, మర్చిపోకు.