అప్‌డేట్: రైఫిల్ ఛాంబర్‌లో (తూటా కూర్చునే గదిలో) ఇరుక్కుంటున్న .308 తూటాల సంగతి తేలింది
టెక్సాస్‌లో ఇంట్లో రీలోడ్ చేసుకున్న (అంటే పేలిన ఖాళీ ఇత్తడి కేసుల్లో మళ్లీ పౌడర్, బుల్లెట్ పెట్టుకున్న) .308 వించెస్టర్ తూటాలు నా సెమీ ఆటో రైఫిల్‌లో సగంలోనే ఇరుక్కుంటున్నాయి, పౌడర్ మార్చాలా, కేసుని నొక్కి మళ్లీ సైజుకి తెచ్చే డై మార్చాలా అని ఇక్కడ అడిగాను కదా, తేలింది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ఖాళీ కేసుకి నల్ల మార్కర్ పూసి చూడమన్న సలహా భలే పనిచేసింది: ఎక్కడ బిగుసుకుంటే అక్కడ రంగు పోతుంది కదా, భుజం (మెడ కింద వాలుగా ఉండే భాగం) దగ్గర రంగు చెక్కుచెదరలేదు, రిమ్ముకి (కేసు అడుగున ఉండే అంచుకి) కాస్త పైన మాత్రం గీసుకుపోయి ఇత్తడి బయటపడింది. గన్‌స్మిత్ కొలిచి అదే చెప్పాడు. రేంజ్‌లో ఏరిన ఆ కేసులు ఏదో వదులు ఛాంబర్‌లో పేలి అడుగున ఉబ్బాయట, మామూలు ఫుల్ లెంగ్త్ డై అక్కడ అంతగా నొక్కదు. అడుగున ఇంకాస్త నొక్కే స్మాల్ బేస్ డై కొన్నాక, ఛాంబర్‌ని వెనక నుంచి మూసే బోల్ట్ టక్కున మూసుకుంటోంది. ఖాళీ కేసే ఇరుక్కుంటుంటే ఇక పౌడర్‌తో పనేముంది, నేను వాడే వార్గెట్ పౌడర్‌నే అలాగే ఉంచాను, మోతాదు రీలోడింగ్ మాన్యువల్లో ఉన్నదే. బుల్లెట్ సీటింగ్ లోతు (బుల్లెట్‌ని కేసులోకి ఎంత దించాలన్నది) గురించి పడ్డ టెన్షన్ కూడా దండగే.